కౌంటీ హెల్త్ ప్లాన్ల వల్ల జనం ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా? శుక్రవారం లోపల జవాబు చెప్పాలి

పద్మజ (ఒహాయో) | మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఇక్కడ కొలంబస్‌కి ముప్పావుగంట దూరంలో ఉంటున్నాం. 26 ఏళ్ళు ఫార్మసిస్టుగా చేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. ఈ శుక్రవారం లోపల ఒక ఉత్తరానికి జవాబు ఇవ్వాలి. ఈ గ్రూపులో పబ్లిక్ హెల్త్‌లో పనిచేసేవాళ్ళు ఉన్నారని తెలుసు కాబట్టి అడుగుతున్నాను.

సంగతేమిటంటే, మా కౌంటీ (మన జిల్లా లాంటిది) హెల్త్ డిపార్ట్‌మెంట్ మూడేళ్ళకోసారి ఒక ప్లాన్ తయారు చేస్తుంది. ముందు సర్వేలు చేసి, చావుల లెక్కలూ ఆస్పత్రి లెక్కలూ తీసి, కౌంటీలో జనం ఆరోగ్యం ఎలా ఉందో ఒక రిపోర్టు రాస్తారు. తర్వాత ఆస్పత్రులు, స్కూళ్ళు, చర్చిలు, షెరీఫ్ ఆఫీసు, వృద్ధుల సంస్థలు, ఇలా అన్నిచోట్ల నుంచీ ఒక్కొక్కరిని పిలిచి, ఏ సమస్యని ముందు పట్టుకోవాలో తేలుస్తారు. దాన్ని కమ్యూనిటీ హెల్త్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ అంటారు. మీటింగుల్లో అందరూ చిప్ అనే అంటారు.

పోయిన విడత నన్ను ఏషియన్ల తరఫున కమిటీలోకి పిలిచారు. లైబ్రరీ కింది అంతస్తులో తొమ్మిది మీటింగులు. ఒక్కటి కూడా మానలేదు. నాలుగో మీటింగులో గోడల నిండా పెద్ద కాగితాలు అంటించారు, ఒక్కోదాని మీద ఒక్కో సమస్య పేరు. మనిషికి అయిదు రంగు స్టిక్కర్లు ఇచ్చి, ముఖ్యం అనుకున్న వాటి కింద అతికించమన్నారు. నేను మూడు షుగర్ కింద, రెండు బీపీ కింద అతికించాను. చివరికి 84 పేజీల ప్లాన్ వచ్చింది. మనవాళ్ళ గురించి అందులో ఒక్క వాక్యం ఉంది, ఏషియన్ కుటుంబాలకు వాళ్ళ సంస్కృతికి తగినట్టుగా సమాచారం అందించాలని. ఎవరు అందిస్తారు, ఎప్పటికి, ఎంత డబ్బుతో అన్నది ఎక్కడా లేదు. ఆ మూడేళ్ళలో మా గుడికి రెండు పెట్టెల కరపత్రాలు వచ్చాయి. అన్నీ ఇంగ్లీషులోనే.

ఇప్పుడు అడగడానికి అసలు కారణం వేరే ఉంది. మా గుడి హెల్త్ ఫెయిర్‌లో బీపీ బల్ల దగ్గర కూర్చునేది నేనే. పోయినేడాది అక్టోబరులో, ప్రతి శనివారం గుడి వంటింట్లో పులిహోర కలిపే ఒకాయన వచ్చారు. 54 ఏళ్ళు. బీపీ 168/102. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూశాను, దగ్గర దగ్గర అంతే ఉంది. వెంటనే డాక్టర్‌ని కలవమని చీటీ రాసి చేతికిచ్చాను. "తప్పకుండా వెళ్తానమ్మా" అన్నారు. ఫిబ్రవరిలో గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. ఆస్పత్రికి చూడ్డానికి వెళ్తే, వాళ్ళావిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆ చీటీ తీసి చూపించింది. నా చేతిరాతే. ఆ నాలుగు నెలల్లో నేనాయనకి ఒక్క ఫోన్ చెయ్యలేదు. శనివారం శనివారం ఆయన చేతి పులిహోర తింటూనే ఉన్నాను.

అప్పట్నుంచీ నాకు నిద్ర సరిగా లేదు. ఇప్పుడు హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది, కొత్త ప్లాన్ మొదలవుతోంది, రమ్మని. మళ్ళీ ఏడాది పాటు తొమ్మిది మీటింగులు. నాకు 61 ఏళ్ళు. ఈ ఏడాదిని ఎక్కడ పెట్టాలన్నది నాకు చిన్న విషయం కాదు. మందుల పనిలో ఏది చెప్పినా ఆధారం ఏమిటని అడిగేవాళ్ళం. ఇక్కడా అదే అడుగుతున్నాను. కౌంటీలు ఇలా ప్లాన్లు వేసుకోవడం వల్ల జబ్బులు తగ్గాయని, చావులు తగ్గాయని ఎవరైనా చూపించారా? లేకపోతే ఆ సమయం గుడిలో బీపీలు చూస్తూ గడపడమే నయమా?

శ్రీధర్ (న్యూజెర్సీ) | మంగళవారం రాత్రి 10:25

పద్మజ గారూ, మీ చీటీ సంగతి చదివి మనసు బరువెక్కింది. మీ ప్రశ్నకి పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఒక నాన్‌ప్రాఫిట్ ఆస్పత్రిలో కమ్యూనిటీ ప్రోగ్రాములు చూస్తాను కాబట్టి, ఆ వైపు సంగతి ఒకటి చెప్తాను.

2010 హెల్త్ కేర్ చట్టం వచ్చాక, పన్ను మినహాయింపు ఉన్న ప్రతి ఆస్పత్రీ మూడేళ్ళకోసారి చుట్టుపక్కల జనం అవసరాలేమిటో తేల్చి, తాము ఏం చేస్తామో రాసి పెట్టాలి. చెయ్యకపోతే 50,000 డాలర్ల పన్ను పడుతుంది. అంటే మీ కౌంటీలో హెల్త్ డిపార్ట్‌మెంట్ ఒక ప్లాన్ రాస్తుంటే, ఆస్పత్రి కూడా తనది రాసుకుంటూ ఉంటుంది. మీ ఒహాయోలో ఈ రెండూ ఒకే మూడేళ్ళ లెక్కలో నడవాలని 2020 నుంచి రూలు ఉంది. దీన్ని మీరు వాడుకోవాలి. హెల్త్ డిపార్ట్‌మెంట్ దగ్గర మనుషులు ఉంటారు గానీ డబ్బుండదు. ఆస్పత్రి దగ్గర ఎంతో కొంత ఉంటుంది. కమిటీలో ఆస్పత్రి తరఫున వచ్చేది ఎవరో కనుక్కోండి. బడ్జెట్ మీద సంతకం పెట్టగలిగిన మనిషి వస్తున్నారా, నోట్సు రాసుకుని వెళ్ళే మనిషి వస్తున్నారా అన్నది చూడండి. నేను చూసినంతలో ప్లాన్ భవిష్యత్తు సగం అక్కడే తేలిపోతుంది.

రమణ (విజయనగరం, ఇప్పుడు ఇండియానా) | బుధవారం ఉదయం 6:15

పద్మజ గారూ, నేను 14 ఏళ్ళుగా ఒక కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ఎపిడెమియాలజిస్టుగా (జనంలో జబ్బుల లెక్కలు చూసే పని) ఉన్నాను. ఇలాంటి ప్లాన్లు మూడింటికి లెక్కలు కట్టాను. సూటిగా చెప్తాను. ప్లాన్ వేసుకున్నందువల్లే జనం ఆరోగ్యం బాగుపడిందని చూపించే గట్టి ఆధారం నాకు ఇంతవరకూ కనబడలేదు. నా జీతం వచ్చేది ఈ పనికే కాబట్టి చాలాకాలం ఈ మాట పైకి అనలేకపోయాను.

ఎందుకు దొరకదో ముందు చూడండి. మందుకైతే సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చి తేడా చూస్తారు. ఇక్కడ దాదాపు అందరూ ప్లాన్ వేస్తున్నారు. ఫ్యాబ్ అనే అక్రెడిటేషన్ బోర్డు 2011లో దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది, 2013లో మొదటి 11 డిపార్ట్‌మెంట్లకి గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే ఇలాంటి ప్లాన్ ఉండి తీరాలి. మీ ఒహాయోలో అయితే 2013లోనే చట్టం చేశారు, ఆ గుర్తింపు లేకపోతే రాష్ట్రం డబ్బు ఆపొచ్చని. అందరూ వేసుకుంటే ఇక వేసుకోని కౌంటీ ఏది, పోల్చి చూడటానికి? రెండోది, ప్లాన్ మూడేళ్ళది, షుగర్ వల్ల వచ్చే చావు ఇరవయ్యేళ్ళది. మూడోది, చిన్న కౌంటీల్లో అంకెలు నిలకడగా ఉండవు. మా దగ్గర ఒక ఏడాది ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, మరుసటి ఏడాది తొమ్మిది మంది. పేపర్లో సగానికి సగం పెరిగిందని రాశారు. ఆ ముగ్గురి తేడా ఏ కారణమూ లేకుండా రావచ్చు. ఒక్కో బిడ్డ చావూ నిజమే, ఆ శాతం మాత్రం మనకేమీ చెప్పదు.

ఇంకొకటి, ఇది మా వృత్తిలో ఉన్నవాళ్ళే పట్టించుకోరు. చాలా ప్లాన్లలో ఫెడరల్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ ప్లేసెస్ అనే డేటా వాడతారు. పేటపేటకీ బీపీ ఎంతమందికి ఉంది, షుగర్ ఎంతమందికి ఉంది అని అందులో ఉంటుంది. కానీ అవి ఇంటింటికీ వెళ్ళి కొలిచినవి కావు. పెద్ద సర్వేలోంచి వయసు, ఆదాయం, జాతి లాంటివి చూసి వేసిన అంచనాలు. మీరు గుడిలో అద్భుతంగా పనిచేసి వందమంది బీపీ దించినా ఆ అంకె కదలదు, ఎందుకంటే మీ పని ఆ లెక్కలోకి రానే రాదు. ఊళ్ళో చేసిన కార్యక్రమం పనిచేసిందా లేదా అని తేల్చడానికి ఆ అంకెలు వాడొద్దని సీడీసీయే చెబుతుంది. అయినా ప్లాన్ల చివరి పేజీల్లో అవే ఉంటాయి.

ఇక దగ్గరలో ఉన్న ఆధారాలు చెప్తాను.

2016లో హెల్త్ అఫైర్స్ పత్రికలో గ్లెన్ మేస్ అనే పరిశోధకుడి బృందం ఒక అధ్యయనం వేసింది. 1998 నుంచి 2014 దాకా, హెల్త్ డిపార్ట్‌మెంటూ ఆస్పత్రులూ స్కూళ్ళూ స్వచ్ఛంద సంస్థలూ పనులు పంచుకుని చేసిన ఊళ్ళని, అలా చెయ్యని ఊళ్ళతో పోల్చారు. ఆ బంధం బాగా గట్టిగా ఉన్నచోట, ఆపగలిగిన మరణాలు 20 శాతానికి పైగా తక్కువ. మన పక్షాన ఎక్కువగా చూపించేది ఇదే. కానీ ఇది ఏ ఊరికి ఇవ్వాలి, దేనికి వద్దు అని చిట్టీలు వేసి తేల్చిన ప్రయోగం కాదు. కలిసి పనిచేసే అలవాటున్న ఊరికి ఇంకా ఎన్నో మంచి గుణాలు ఉండొచ్చు. అదే మేస్ 2011లో ఇంకొకటి చూపించాడు. 1993 నుంచి 2005 మధ్య లోకల్ పబ్లిక్ హెల్త్ మీద ఖర్చు 10 శాతం పెరిగినచోట కొన్ని రకాల మరణాలు 1.1 నుంచి 6.9 శాతం తగ్గాయి. డబ్బు పెట్టినచోట ఫలితం ఉందన్నమాట.

చిట్టీలు వేసి చేసిన ప్రయోగం కూడా ఒకటుంది, నాకు అన్నిటికన్నా నమ్మకం దాని మీదే. పేరు కమ్యూనిటీస్ దట్ కేర్. 7 రాష్ట్రాల్లో 24 చిన్న ఊళ్ళు తీసుకుని, సగం ఊళ్ళకి ఈ పద్ధతి ఇచ్చారు, సగం ఊళ్ళని వాటి మానాన వదిలేశారు. పద్ధతి మీకు తెలిసినదే. ఊరి పెద్దలతో కమిటీ, స్కూల్ పిల్లలతో సర్వే, రెండు మూడు సమస్యల ఎంపిక. తేడా అంతా తర్వాతి అడుగులో ఉంది. పరిష్కారాలు కమిటీ సొంతంగా కనిపెట్టకూడదు. అంతకుముందు పరీక్షించి పనిచేసిందని తేలిన కార్యక్రమాల జాబితాలోంచే ఎంచుకోవాలి. జీతమిచ్చి ఒక కోఆర్డినేటర్‌ని పెట్టాలి, చెప్పినట్టే జరుగుతోందా అని చూస్తూ ఉండాలి. అయిదో తరగతి నుంచి 4,407 మంది పిల్లల్ని గమనించారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి సిగరెట్, మద్యం మొదలుపెట్టినవాళ్ళు ఆ ఊళ్ళలో తక్కువ. పన్నెండో తరగతికి కొన్ని ఫలితాలు నిలిచాయి, కొన్ని నిలవలేదు.

ఇక మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఊరు మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ఫ్రాంక్లిన్ కౌంటీ. 1970లో అక్కడ జనాభా 22,444. బీద పల్లెప్రాంతం. అక్కడి డాక్టర్లూ నర్సులూ చర్చి బేస్‌మెంట్లలో, టౌన్ హాళ్ళలో, ఫ్యాక్టరీల్లో బీపీలు చూడటం మొదలుపెట్టారు. చూసి వదిలెయ్యలేదు, డాక్టర్ దగ్గరికి పంపించి, మళ్ళీ కనుక్కుని, రాసి పెట్టుకున్నారు. 1975లో బీపీ అదుపులో ఉన్నవాళ్ళు 18.3 శాతం, 1978కి 43 శాతం. తర్వాత కొలెస్ట్రాల్ పట్టుకున్నారు, ఆ తర్వాత సిగరెట్లు. 40 ఏళ్ళ లెక్కలు 2015లో జామా అనే వైద్యపత్రికలో వచ్చాయి. వాళ్ళ ఆదాయాన్ని బట్టి ఎన్ని చావులు, ఎన్ని ఆస్పత్రి చేరికలు ఉండాలో, అంతకన్నా తక్కువ ఉన్నాయి. ఒకటి పట్టుకుని, అది అదుపులోకి వచ్చాక రెండోది. నలభై ఏళ్ళు.

వ్యతిరేకంగా ఉన్నవీ చెప్పాలి. 1980లలో స్టాన్‌ఫర్డ్, మిన్నెసోటా, రోడ్ ఐలండ్‌లోని పాటకెట్, మూడుచోట్ల గుండెజబ్బుల మీద ఊరంతటినీ కదిలించే పెద్ద కార్యక్రమాలు చేశారు. పక్క ఊళ్ళతో పోలిస్తే తేడా చాలా కొంచెం. ఆ రోజుల్లో అమెరికా అంతటా సిగరెట్లు, కొలెస్ట్రాల్ తగ్గుతున్నాయి, పక్క ఊళ్ళు కూడా వాటంతట అవే బాగుపడ్డాయి. పోల్చడానికి పక్క ఊరు లేకపోయుంటే ఆ మూడూ పెద్ద విజయాలని రాసుకునేవాళ్ళం. మా కౌంటీ మొదటి ప్లాన్‌లో మేము రాసుకున్నది అదే. సిగరెట్లు తాగేవాళ్ళు మూడు శాతం తగ్గారని, అది మా ప్లాన్ వల్లేనని. రాష్ట్రమంతా అంతే తగ్గింది.

ఆ మొదటి ప్లాన్‌లో 9 ప్రాధాన్యాలు, 51 పనులు. ఎవరి మనసూ నొప్పించకూడదని అన్నీ చేర్చాం. మూడేళ్ళ తర్వాత నేనే కూర్చుని ఒక్కో పనికీ ఎదురుగా ఏం జరిగిందో రాశాను. 30కి పైగా పనుల ముందు "కొనసాగుతోంది" అని రాయాల్సి వచ్చింది. నిజానికి వాటిని ఎవరూ మొదలుపెట్టలేదు. ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం తినబుద్ధి కాలేదు. మూడో ప్లాన్‌కి రెండే ప్రాధాన్యాలు పెట్టుకున్నాం. ఒక్కోదానికీ ఒక మనిషి పేరు, ఒక బడ్జెట్ లైను, ప్రతి మూడు నెలలకీ కౌంటీ కమిషనర్ల ముందు ఒక పేజీ లెక్క. దాని వల్ల చావులు తగ్గాయని నేను చెప్పలేను. రాసుకున్న పనులు మాత్రం జరిగాయి.

కాబట్టి వెళ్ళమనే నా సలహా. అయితే మొదటి మీటింగులోనే మూడు మాటలు అడగండి. ఈ పని ఇంతకుముందు ఎక్కడ పనిచేసింది, చేసేది ఎవరు, డబ్బు ఎక్కడిది. మొదటిదానికి జవాబు వెతకడం కష్టమేం కాదు. కమ్యూనిటీ గైడ్ అని ఉంది, 1996లో ఏర్పడ్డ ఒక టాస్క్‌ఫోర్స్ ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో అందులో తేల్చి పెట్టింది. విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళు కూడా ఒక్కో కార్యక్రమానికీ ఆధారం ఎంత గట్టిదో మార్కులేసి పెట్టారు.

పద్మజ (ఒహాయో) | బుధవారం మధ్యాహ్నం 1:05

రమణ గారూ, రెండుసార్లు చదివాను. ఫ్రాంక్లిన్ కౌంటీ సంగతి దగ్గర ఆగిపోయాను. చూసి వదిలెయ్యలేదు అన్నారే, నేను సరిగ్గా అదే చేశాను. చూసి వదిలేశాను.

రెండు అనుమానాలు. మేము చేసే హెల్త్ ఫెయిర్లకి అసలు ఆధారం ఉందా? ఇంకొకటి, పోయిన రిపోర్టులో ఏషియన్ల ఆరోగ్యం కౌంటీ సగటు కన్నా బాగుందని రాశారు. మీటింగులో నేను లేచి, కౌంటర్ వెనక నిలబడి పాతికేళ్ళు చూశాను, మన 40 ఏళ్ళ మగవాళ్ళు ఎంతమంది మెట్‌ఫార్మిన్ (షుగర్ మందు) తీసుకెళ్తారో నాకు తెలుసు అన్నాను. డేటా అలా చెప్పట్లేదన్నారు. నేను కూర్చుండిపోయాను.

కీర్తి (షికాగో) | బుధవారం సాయంత్రం 5:50

పద్మజ ఆంటీ, మీరు కూర్చోవాల్సింది కాదు. మీరన్నదే నిజం.

మా అమ్మ మసాలా స్టడీలో ఉంది. పేరు వంటింటిది లాగా ఉంటుంది గానీ, అమెరికాలో ఉన్న దక్షిణాసియా వాళ్ళ గుండె, రక్తనాళాల మీద చేస్తున్న పెద్ద పరిశోధన అది. 2010లో మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగో చుట్టుపక్కల నుంచి మొదట 906 మందిని తీసుకున్నారు. వయసు తేడాలు సర్ది చూస్తే మనవాళ్ళలో షుగర్ 23 శాతం. అదే పద్ధతిలో చూసిన తెల్లవాళ్ళలో 6, చైనీయుల్లో 13, లాటినోల్లో 17, నల్లజాతివాళ్ళలో 18. అందరిలోకీ మనదే ఎక్కువ. చైనీయుల్నీ మనల్నీ కొరియన్లనీ కలిపి ఏషియన్ అనే ఒకే గడిలో వేసేస్తే ఈ తేడా కనబడకుండా పోతుంది.

నేను సర్వే డేటా పనే చేస్తాను కాబట్టి ఒకటి చెప్తాను, ఈసారి రిపోర్టు చేతికివ్వగానే సర్వేలో ఏషియన్లు ఎంతమంది అని అడగండి. నేను చూసిన ఒక కౌంటీ సర్వేలో 600 మందిలో 14 మంది. ఆ 14 మందీ ఫోన్ ఎత్తి ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు మాట్లాడగలిగినవాళ్ళు. పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న అమ్మానాన్నలు అందులో ఒక్కరూ ఉండరు. అలాంటి 14 మందిని బట్టి మనందరి ఆరోగ్యం బాగుందని రాయడం అన్యాయం.

2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం తన రూలు మార్చింది, ఏషియన్ అని ఊరుకోకుండా ఏషియన్ ఇండియన్, చైనీస్, ఫిలిపినో అని విడివిడిగా అడగాలని. మీ కౌంటీ కూడా అలా అడగాలని మీరు గట్టిగా చెప్పొచ్చు. ఇంకొకటి, బరువు. మామూలుగా బరువుని బట్టి షుగర్ టెస్టు గురించి ఆలోచించేది బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే అంకె) 25 నుంచి. మనకైతే 23 నుంచే చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. మా నాన్న బీఎంఐ 24. సన్నగా ఉన్నారు కదా అని ఏళ్ళ తరబడి ఎవరూ టెస్టు రాయలేదు. రాసేనాటికి కళ్ళలో దెబ్బ మొదలైంది.

రమణ (ఇండియానా) | బుధవారం రాత్రి 9:30

కీర్తి గారు చెప్పింది వంద శాతం నిజం. నేను కట్టిన మూడు రిపోర్టుల్లోనూ ఏషియన్ అని ఒకే గడి పెట్టాను. వచ్చేసారి పెట్టను.

హెల్త్ ఫెయిర్ల గురించి అడిగారు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ దగ్గర ఇంటర్99 అని ఒక పెద్ద ప్రయోగం జరిగింది, దాదాపు 60,000 మందితో. కొందరిని పిలిచి పరీక్షలు చేసి, సలహాలు చెప్పి, అవసరమైనవాళ్ళకి ఇంకొన్నిసార్లు కౌన్సెలింగ్ కూడా ఇచ్చారు. పదేళ్ళ తర్వాత గుండెజబ్బుల్లో, చావుల్లో తేడా లేదు. అంత చేసినా అంతే. బీపీ చూసి చీటీ ఇవ్వడం దానికంటే చాలా చిన్న పని.

అంతటితో ఆగిపోకండి, మీకోసమే అన్నట్టున్న ప్రయోగం ఇంకొకటి ఉంది. లాస్ ఏంజిలస్ కౌంటీలో నల్లజాతి మగవాళ్ళు వెళ్ళే 52 మంగలి షాపుల్లో చేశారు. బీపీ ఎక్కువున్న 319 మంది. దాదాపు సగం షాపుల్లో మంగలివాళ్ళే ఉప్పు తగ్గించు, డాక్టర్ దగ్గరికి వెళ్ళు అని చెప్పారు. అంటే మీ చీటీ లాంటిది. మిగతా షాపులకి ఫార్మసిస్టులే వచ్చి, డాక్టర్లతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడే మందు రాసి, మళ్ళీ మళ్ళీ వచ్చి డోసు సరిచేశారు. ఆరు నెలల తర్వాత, సలహా మాత్రమే చెప్పిన షాపుల్లో పై అంకె 9 పాయింట్లు తగ్గింది. ఫార్మసిస్టు వచ్చిన షాపుల్లో 27 పాయింట్లు. 130/80 లోపలికి వచ్చినవాళ్ళు ఒకచోట 11.7 శాతం, ఇంకోచోట 63.6 శాతం. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్యపత్రికలో వచ్చింది.

అమ్మా, ఆ షాపుల్లో తేడా తెచ్చింది మీలాంటి ఫార్మసిస్టులు. ఆయన గుండెపోటు మీ తప్పని నేననుకోను. మీ చేతిలో ఉన్న పద్ధతి చాల్లేదు, అంతే. గుడిని ఆ మంగలి షాపు అనుకోండి. డాక్టర్‌తో ఒప్పందం రాసుకుంటే ఫార్మసిస్టు మందుల డోసులు చూడటానికి ఒహాయో చట్టం వీలు కల్పిస్తుంది. డాక్టర్‌ని, కొంత డబ్బుని ఆస్పత్రి ఇవ్వాలి. మనుషుల్ని గుడి తెస్తుంది. లెక్క హెల్త్ డిపార్ట్‌మెంట్ చూస్తుంది. ఈ మూడూ ఒకచోట కలిసే గది నాకు తెలిసి మీ లైబ్రరీ కింది అంతస్తే. అందుకే వెళ్ళమంటున్నాను. వెళ్ళి ఈ ఒక్క పని ప్లాన్‌లో పెట్టించండి.

లెక్క కూడా సులువు. కౌంటీలో ఎంతమందికి బీపీ ఉందని చూడొద్దు. మీ దగ్గర 140 దాటినవాళ్ళు ఎంతమంది, ఆరు నెలలకి వాళ్ళలో అదుపులోకి వచ్చింది ఎంతమంది. ఒక నోటుబుక్కు చాలు.

శ్రీధర్ (న్యూజెర్సీ) | బుధవారం రాత్రి 10:10

దీనికి ఆస్పత్రి వాళ్ళని అడిగేటప్పుడు వాళ్ళ సొంత రిపోర్టులోంచే మొదలుపెట్టండి పద్మజ గారూ. గుండెజబ్బు, షుగర్ వాళ్ళ ప్రాధాన్యాల్లో ఉంటే, ఆ పేజీ నంబర్ చెప్పి అడగండి. రిపోర్టు వాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి, చట్టం అది. మీకు వెతకడం కష్టమైతే నాకు మెసేజ్ పెట్టండి, నేను తీసిపెడతాను.

పద్మజ (ఒహాయో) | శుక్రవారం మధ్యాహ్నం 3:20

ఇందాకే జవాబు పంపాను. వస్తానని రాశాను. మొదటి మీటింగ్ అజెండాలో నాకు పది నిమిషాలు ఇవ్వమని, సర్వేలో ఏషియన్ ఇండియన్ అని వేరే గడి పెట్టమని, తెలుగు, గుజరాతీ, హిందీల్లో అడిగే మనుషుల్ని మా గుడి నుంచే ఇస్తామని రాశాను. ప్లాన్‌లో పెట్టే ప్రతి పనికీ ఒక మనిషి పేరు, డబ్బు ఎక్కడిదో రాయాలని కూడా అడిగాను. ఆస్పత్రి రిపోర్టు శ్రీధర్ గారు తీసి పంపారు. గుండెజబ్బు 31వ పేజీలో రెండో ప్రాధాన్యం.

ఇంకొక పని నిన్ననే మొదలుపెట్టాను. అక్టోబరు ఫెయిర్‌లో నేను రాసిన చీటీలకి కార్బన్ కాపీలు గుడి ఆఫీసు బీరువాలో ఉన్నాయి. మొత్తం 61. పై అంకె 140 దాటినవి 19. నిన్న రాత్రి ఏడుగురికి ఫోన్ చేశాను. అయిదుగురు డాక్టర్‌ని కలిశారు, ముగ్గురు మందు వాడుతున్నారు. ఇద్దరు అసలు వెళ్ళలేదు. అందులో ఒకావిడకి ఇన్సూరెన్స్ లేదు, కొడుక్కి చెప్పడానికి మొహమాటపడింది. ఆదివారం నేనే తీసుకెళ్తానన్నాను.

మిగిలిన పన్నెండు మందిలో పులిహోర ఆయన చీటీ కూడా ఉంది. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారు, అయినా ఫోన్ చేసి మందులు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో అడుగుతాను. రాత్రి ఏడు గంటలకి కూర్చుంటున్నాను.